ఎక్స్‌పల్స్‌ని గుట్టలకి సిద్ధం చేయడం: ఏది ముందు, ఏది తర్వాత

తాండూరు దాటాక, కంది పండే నల్లరేగడిలో, మొదటి వాన పడిన మర్నాడు నా ఎక్స్‌పల్స్ బైకు ఆగిపోయింది. ఇంజిన్ బాగానే ఉంది. క్లచ్ వదిలితే బండి వణుకుతోంది తప్ప వెనక చక్రం కదలడం లేదు. టైరుకీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్‌కీ మధ్య, శారీ గార్డు లోపల, చైన్ కవరు చుట్టూ రేగడి మట్టి పిండిముద్దలా పట్టేసింది. చింతబరికెతో ఆ మట్టి పొడుచుకుంటూ కూర్చున్నప్పుడు ఒక లెక్క గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పటికి ఆ బండి మీద నేను పెట్టిన మొదటి ఖర్చు సైలెన్సర్.

చాలామంది ఆ వరసలోనే వెళ్తారు. ముందు చప్పుడు, తర్వాత లైట్లు, ఆ తర్వాత స్టిక్కర్లు, చివరికి టైర్లు. అసలు వరస దీనికి పూర్తిగా తలకిందులు. ముందు మీరు బండి మీద నిలబడే తీరు, తర్వాత నేలని పట్టుకునే టైరు, ఆపైన షాకప్‌లు, వాటి తర్వాత దెబ్బలు కాచే సామాను. ఇంజిన్ జోలికి అన్నిటికన్నా చివర వెళ్లాలి. వెళ్లకపోయినా నష్టం లేదు.

నేను చెప్పేది హీరో ఎక్స్‌పల్స్ 200 4వి గురించి. మట్టిబాటలకి పనికొచ్చే వేరే ట్రెయిల్ బండి ఉన్నా అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

స్టాక్ బండి (కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది) ఏం ఇస్తోంది

ఎక్స్‌పల్స్ 200 మన దగ్గరికి 2019లో వచ్చింది, నాలుగు వాల్వుల ఇంజిన్ 2021లో. 199.6 సీసీ, 19 పీఎస్ చిల్లర శక్తి, బరువు దాదాపు 158 కిలోలు. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, రెండింటికీ పుల్లల రిమ్ములు, లోపల ట్యూబులు. షాకప్ ముందు 190, వెనక 170 మి.మీ. ఆడుతుంది. నేలకీ ఇంజిన్ అడుక్కీ మధ్య ఖాళీ 220 మి.మీ. ఈ ధరలో ఇది తక్కువేమీ కాదు. అందుకే బండి కొన్న మొదటి వెయ్యి కిలోమీటర్లు ఏమీ మార్చకండి.

ఆ వెయ్యిలో చేయాల్సిన పని ఒకటుంది. మీకు దగ్గరలో రెండు మూడు కిలోమీటర్ల బాట ఒకటి ఎంచుకోండి. అందులో కాస్త మొరం, ఒక రాళ్ల ఎక్కుడు, ఒక ఇసుక వాగు ఉంటే చాలు. ప్రతి మార్పు తర్వాత అదే బాటలో తిరగండి. ఒకసారికి ఒక్క మార్పే. టైరూ షాకప్పూ ఒకేరోజు మారిస్తే బండి ఎందుకు బాగుపడిందో, ఎందుకు పాడైందో ఎప్పటికీ తెలియదు. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకున్నవి నేను మళ్లీ చూసిన పాపాన పోలేదు.

1. పైసా ఖర్చు లేని సర్దుబాటు

గుట్టల్లో సగం సేపు ఫుట్‌రెస్టుల మీద నిలబడే నడుపుతాం. కంపెనీ మాత్రం బండిని కూర్చుని నడిపేవాడికి సర్ది ఇస్తుంది. ముందు దాన్ని మార్చాలి.

బండిని ఎవరినైనా పట్టుకోమని, బూట్లు వేసుకుని ఫుట్‌రెస్టుల మీద నిలబడండి. మోకాళ్లు కొంచెం వంచి, కళ్లు మూసుకుని చేతులు ముందుకు చాపండి. అరచేతులు ఎక్కడ ఆగాయో హ్యాండిల్ అక్కడ ఉండాలి. కొంచెం తేడా ఉంటే క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ని ముందుకో వెనక్కో తిప్పితే సరిపోతుంది. వంగాల్సి వస్తుంటే రైజర్లు, అంటే హ్యాండిల్‌ని పైకెత్తే దిమ్మలు కావాలి. 25 నుంచి 30 మి.మీ. ఎత్తు చాలు. రైజర్లు వేశాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. తిప్పినప్పుడు ఇంజిన్ దానంతటదే రేజ్ అయితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టు. క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం కూడా బిర్రుగా సాగకూడదు.

క్లచ్, బ్రేక్ లీవర్లని కిందికి దించండి. నిలబడి పట్టుకుంటే మణికట్టు వంగకుండా ముంజేయి, వేళ్లు ఒకే గీతలో రావాలి. ఇక్కడే ఇంకో చిట్కా. లీవరు క్లాంపు కింద హ్యాండిల్‌కి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టి, బోల్టుని మరీ బిగించకుండా ఓ మాదిరిగా పెట్టండి. పడ్డప్పుడు లీవరు విరగకుండా పక్కకి తిరుగుతుంది. నాకు ఇది నేర్పినాయన అప్పటికి నాలుగు లీవర్లు విరగ్గొట్టుకుని ఉన్నాడు.

గేరు లీవర్‌ని ఒక పన్ను పైకి జరపండి, మందపాటి బూటు దాని కింద దూరాలి. బ్రేక్ పెడల్ ఎత్తు మార్చినప్పుడు కొంచెం ఆట తప్పకుండా వదలాలి. ఆట లేకపోతే వెనక డిస్కు రాసుకుంటూ కాలిపోతుంది, దిగుడులో అవసరమైనప్పుడు బ్రేకు పట్టదు. ఫుట్‌రెస్టుల మీద రబ్బరు ఉంటే పీకేయండి. తడి బూటుకి కింద ఉన్న పళ్లే ఆధారం.

2. టైర్లు, గాలి

మీ దగ్గర ఒక్క పనికే డబ్బుంటే ఇక్కడ పెట్టండి.

స్టాక్ సియట్ టైర్లు ముందు 90/90-21, వెనక 120/80-18. రోడ్డుకీ గట్టి మట్టిబాటకీ అవి న్యాయమే చేస్తాయి. తడిసిన ఎర్ర చెలకలో, రేగడిలో చేతులెత్తేస్తాయి. గడులు పెద్దగా, దూరం దూరంగా ఉన్న నాబీ టైర్లు మట్టిని తొలుచుకుని పట్టు దొరికించుకుంటాయి, తిరిగేటప్పుడు మట్టిని విసిరేస్తాయి. కొనేముందు కొలత చూడండి. వెనక ఇంకా వెడల్పు టైరు వేస్తే చూపుకి బాగుంటుంది గానీ, స్వింగార్మ్‌కీ చైన్‌కీ మధ్య ఖాళీ తగ్గి, పైన చెప్పిన రేగడి ముద్ద ఇంకా తొందరగా పడుతుంది. ఈ నేలల్లో టైరు పక్కన వేలు దూరేంత ఖాళీ ఉండటం వెడల్పుకన్నా ముఖ్యం.

నాబీలకి ఖరీదు కాక వేరే మూల్యం కూడా ఉంది. తారు రోడ్డు మీద గోల, వానలో బ్రేకు కొడితే ఆగే దూరం పెరగడం, హైవే ఎక్కువగా తొక్కితే తొందరగా అరిగిపోవడం. వారంలో ఐదు రోజులు ఆఫీసుకి ఇదే బండి అయితే సగం రోడ్డు, సగం మట్టి టైర్లే తీసుకోండి.

ఇక గాలి. హైవే గాలితో గుట్ట ఎక్కితే టైరు రాయి మీద బంతిలా ఎగురుతుంది. మట్టిబాట మొదలయ్యే చోట ఆగి గాలి తీయండి. రాళ్లు ఎక్కువగా ఉన్న చోట నేను రెండింటిలో 20 నుంచి 22 పీఎస్‌ఐ ఉంచుతాను. బురద, ఇసుక అయితే 16 నుంచి 18. 15 కన్నా దిగితే రెండు ప్రమాదాలు. ఒకటి, రాయి తగిలి రిమ్ము సొట్టపోవడం. రెండోది, టైరు రిమ్ము మీద జారి ట్యూబుని తనతో లాక్కుపోవడం, వాల్వు మెడ దగ్గర చిరగడం. ఆ చిరుగుకి పంచర్ వేయలేరు. అంత తక్కువ గాలితో నడపాలంటే టైరు జారకుండా రిమ్ముకి నొక్కి పట్టే రిమ్ లాక్ వేయించుకోవాలి.

దానికి ముందే ఊరికే దొరికే హెచ్చరిక ఒకటుంది. వాల్వు నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, మూత దాకా తెచ్చి వదిలేయండి. టైరు జారడం మొదలైతే వాల్వు వాలి కనిపిస్తుంది. అప్పుడు గాలి తీసి సర్దుకోవచ్చు. నట్టు రిమ్ముకి బిగిసి ఉంటే చిరిగేదాకా తెలియదు.

మన గుట్టల అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. దాని మీద ఏ టైరూ గెలవలేదు. మందం ట్యూబులు వేయించండి, పంచర్లు తగ్గుతాయి. వెంట ఒకే ట్యూబు మోయగలిగితే 21 అంగుళాలది మోయండి. దాన్ని అవసరానికి వెనక 18లో మడతపడకుండా సర్ది ఇంటికి చేరొచ్చు, 18ది ముందుకి సరిపోదు. పల్లెల్లో పంచర్ షాపు దొరుకుతుంది, మనిషి చేతి పనితనం అద్భుతంగా ఉంటుంది. కానీ 21 ట్యూబు ఉంటుందని ఆశపడకండి. రెండు టైరు లీవర్లు, ప్యాచీలు, చేతి పంపు, ఇరుసు నట్టుకి సరిపడే పానా మీ సంచిలో ఉండాలి. ఒక ఆదివారం ఇంట్లో, ఫ్యాను కింద, ముందు చక్రం ఊడదీసి ట్యూబు మార్చి చూడండి. తుమ్మ చెట్టు కింద మొదటిసారి నేర్చుకోవడం చాలా టెన్షన్.

టైర్లు మార్చేటప్పుడే పుల్లలు కూడా చూసుకోండి. చిన్న పానాతో ఒక్కొక్క పుల్లనీ కొట్టండి. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. రెండు మూడు వదులుగా ఉంటే బెండు తీసేవాడి దగ్గరికి వెళ్లండి, సొంతంగా బిగించి రిమ్ముని ఎనిమిది అంకెలా చేయకండి.

3. షాకప్‌లు

షాకప్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని చాలామంది నమ్మకం. గట్టి షాకప్ రాయిని మింగదు, మీ నడుముకి అందిస్తుంది. ముందు కొలవండి. కొలవడానికి ఇంటి టేపు, ఒక స్నేహితుడు చాలు.

వెనక ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైకి, సీటు కింద ఒక చోట టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. మొదట చక్రం గాల్లో ఉండేలా బండిని సైడ్ స్టాండు మీదికి వాల్చి ఆ దూరం కొలవండి. ఇది మొదటి అంకె. తర్వాత బండి తన బరువు మీద నిటారుగా నిలబడ్డప్పుడు కొలవండి, ఇది రెండోది. చివరగా మీరు హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచితో సహా ఎక్కి కూర్చున్నప్పుడు కొలిస్తే మూడోది.

మొదటి అంకెలోంచి మూడోది తీసేస్తే వచ్చేది మీ బరువుకి షాకప్ ఎంత కుంగిందో చెబుతుంది. మొత్తం ఆటలో మూడో వంతు దగ్గర ఉండాలి. ఎక్స్‌పల్స్ వెనక 170 మి.మీ. కాబట్టి 50 నుంచి 57 మధ్య వస్తే బాగుంది. ఎక్కువ కుంగితే వెనక షాకప్‌కి ఉన్న పది మెట్లలో కొన్ని బిగించండి, తక్కువైతే వదులు చేయండి. ఇప్పుడు మొదటి అంకెలోంచి రెండోది తీసేయండి. బండి ఖాళీగా 15 నుంచి 25 మి.మీ. కుంగాలి. మీ బరువుకి కుంగడం సరిపోయినా, ఖాళీ బండి అసలు కుంగకపోతే స్ప్రింగు మీకు మెత్తనిది, బిగించి లాగుతున్నారు. ఎంత బిగించినా అది మారదు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి సాధారణంగా ఇదే జరుగుతుంది. వాళ్లకి గట్టి స్ప్రింగే మందు.

ముందు ఫోర్కులకి స్టాక్‌లో సర్దుబాటు లేదు. ఫోర్కు గొట్టానికి జిప్ టై కట్టి, కిందికి నెట్టి, మీ బాటలో ఒక రౌండు తిరిగి రండి. జిప్ టై చివరంచు దాకా వెళ్లి, దిగుడుల్లో టప్పున కొట్టిన చప్పుడు వస్తుంటే ఫోర్కు ఆయిల్ సంగతి చూడాలి. ఆయిల్ మార్పించి, మాన్యువల్‌లో చెప్పిన మట్టం కన్నా 5 నుంచి 10 మి.మీ. పైకి పోయిస్తే లోపల గాలి ఖాళీ తగ్గి చివరి ఆట గట్టిపడుతుంది. మొదటి ఆట మెత్తగానే ఉంటుంది. కొలవకుండా "కొంచెం ఎక్కువ పోద్దాం సార్" అనే మెకానిక్ దగ్గర మాత్రం వద్దు. రెండు ఫోర్కుల్లో తేడా వస్తే హ్యాండిల్ ఒక వైపు లాగుతుంది, ఎక్కువైతే సీలు లీకవుతుంది.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతేనే ర్యాలీ సస్పెన్షన్, అంటే ఎక్కువ ఆట ఉన్న పొడవాటి షాకప్‌లు. హీరో 2023లో తెచ్చిన ఎక్స్‌పల్స్ ప్రోలో ముందు 250, వెనక 220 మి.మీ. ఆట ఉంటుంది, సర్దుబాట్లూ ఉంటాయి, అడుగు ఖాళీ 270కి పెరుగుతుంది. సీటు ఎత్తు మాత్రం 891 మి.మీ. స్టాక్ బండి 825 దగ్గరే ఉంటుంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి ఆ ఆరున్నర సెంటీమీటర్ల తేడా రోడ్డు మీద తెలియదు. వాగు మధ్యలో గుండ్రాయి మీద కాలు పెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. నేను వేయించలేదు. నాకు స్టాక్ షాకప్ సరిగ్గా సర్దుకుంటే సరిపోయింది. దూకుళ్లు దూకేవాళ్ల సంగతి వేరు.

4. దెబ్బలు కాచే సామాను

పడతారు. నిలబడి ఉన్న బండి పక్కకి ఒరిగిపోవడమే మొదట్లో ఎక్కువ.

ఎక్స్‌పల్స్‌కి ఇచ్చే చేతి కవర్లు గాలిని, కొమ్మల్ని ఆపుతాయి, పడ్డప్పుడు లీవర్‌ని కాపాడవు. లోపల అల్యూమినియం పట్టీ ఉండి హ్యాండిల్ చివర కూడా బిగిసే రకం తీసుకోండి. ఇంజిన్ అడుగున వచ్చే ప్లేటు చిన్నది. దాన్ని 4 మి.మీ. మందం అల్యూమినియం ప్లేటుతో మార్చొచ్చు. కొనేటప్పుడు ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి ఎదురుగా రంధ్రం ఉందా అని చూడండి. నేను మొదట కొన్న చవక ప్లేటుకి లేదు. ప్రతి ఆయిల్ మార్పుకీ ప్లేటు విప్పాలి. ఒకసారి బండరాయికి తగిలి బోల్టు తల చదునైపోయింది, గ్రైండర్‌తో కోసి తీయాల్సి వచ్చింది. ఇంకో సంగతి. ప్లేటుకీ ఇంజిన్‌కీ మధ్య ఎండిన బురద వేడిని లోపలే ఉంచుతుంది. ఇంటికి రాగానే నీళ్లు కొట్టాల్సిన మొదటి చోటు అదే.

పెద్ద పెద్ద క్రాష్ గార్డులు నాకు ఇష్టం లేదు. బరువు, పైగా సన్న బాటలో రాయికో మొద్దుకో తగులుకుంటాయి.

బ్రేకుల గురించి ఒక్క ముక్క. ఈ బండిలో ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ముందు చక్రానికే ఉంటుంది. 2023 మోడల్ నుంచి రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లు ఇచ్చారు. మొరం దిగుడులో రోడ్ మోడ్‌లో ఉంటే ముందు బ్రేకు పదేపదే వదులుతూ బండి జారుతూనే పోతుంది. దిగేముందు మోడ్ మార్చండి, తారు ఎక్కగానే మళ్లీ రోడ్‌కి తెచ్చుకోండి.

5. స్ప్రాకెట్ పళ్లు

ఎక్స్‌పల్స్ మొదటి గేరు గుట్టలకి కాస్త వేగం ఎక్కువ. నిటారుగా ఉన్న ఎక్కుడులో ఇంజిన్ ఆగిపోకుండా సగం క్లచ్ నొక్కి పట్టుకుంటాం, క్లచ్ ప్లేట్ల వాసన వస్తుంది. దీనికి విరుగుడు పవర్ కాదు, పళ్లు.

ఇంజిన్ దగ్గరి ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టండి. 13 ఉంటే 12 వేయొచ్చు. లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది, హైవేలో అదే వేగానికి ఇంజిన్ 8 శాతం ఎక్కువ తిరుగుతుంది. వెనక మూడు పళ్లు పెంచినా దాదాపు ఇంతే. ముందుది చవక, అరగంట పని. కానీ చిన్న స్ప్రాకెట్ చుట్టూ చైను ఇంకా వంగాలి, అరుగుదల పెరుగుతుంది, స్వింగార్మ్ రబ్బరు కూడా తొందరగా తింటుంది. వెనకది మారిస్తే చైను పొడవు చాలకపోవచ్చు. హైదరాబాద్ నుంచి గుట్ట దాకా ప్రతి వారం నూటయాభై కిలోమీటర్లు తొక్కేవాళ్లు ముందు ఒక పన్ను తగ్గించి ఒక నెల చూడండి, నచ్చకపోతే పాతది మళ్లీ వేసేయొచ్చు.

చైను బిగువు సైడ్ స్టాండు మీద చూసి మురిసిపోకండి. షాకప్ కుంగి, ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అత్యంత బిగువుగా ఉంటుంది. ఇద్దరు స్నేహితుల్ని సీటు మీద కూర్చోబెట్టి ఆ స్థితిలో చూడండి. అక్కడ కూడా కాస్త ఆట ఉండాలి.

6. గాలి, నీరు, సైలెన్సర్

ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే వెనకవాడు ఎర్రదుమ్ము మింగుతాడు, వాడి బండి కూడా. దుమ్ము సీజన్‌లో ఎయిర్ ఫిల్టర్ ప్రతి రెండు మూడు రైడ్‌లకి తీసి చూడండి. ఫిల్టర్ డబ్బాకి రంధ్రాలు కొట్టి "ఫ్రీ ఫ్లో" చేయించడం మాత్రం వద్దు. వచ్చే పవర్ ఎవరికీ కనబడదు, వచ్చే దుమ్ము పిస్టన్‌కి కనబడుతుంది.

వాగులో బండి పడి ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయని అనుమానం వస్తే సెల్ఫ్ కొట్టకండి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి, ఫిల్టర్ తడిసిందో చూసి, ప్లగ్ లేకుండానే ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పంపాకే స్టార్ట్ చేయాలి. కాబట్టి ప్లగ్ పానా సంచిలో ఉండాలి.

సైలెన్సర్ గురించి నా కథ చెప్పాను కదా. చెలకలో దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు. గొర్రెలు బెదిరాయి, కాపరి తిట్టాడు, న్యాయంగానే.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. టైరు అదే కొలతలో మార్చడం, లీవర్లు సర్దడం వంటివి ఒక ఎత్తు. సైలెన్సర్, బండి ఎత్తు మార్చడం ఇంకో ఎత్తు. నన్ను రేగడిలో ఇరికించిన శారీ గార్డు కూడా చట్టం అడిగేదే, వెనక చక్రంలో సగమైనా కప్పి ఉండాలి. అందుకే దాన్ని రెండు బోల్టులతో ఊడేలా చేసుకుని, బాట మొదట్లో విప్పి, తిరిగొచ్చేటప్పుడు బిగిస్తాను. అద్దాలూ అంతే.

అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో బండితో బాట వదిలి దిగడం ఆలోచనే పెట్టుకోకండి. చేల గట్ల మీద వెళ్లాలంటే రైతుని అడగండి. వేసవిలో ఊరికే ఒప్పుకుంటారు, విత్తనం పడ్డాక అడగడమే తప్పు.

7. బిగించాక

కొత్తగా వేసిన ప్రతి బోల్టుకీ లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) నీలం రంగుది రాయండి, ఎరుపుది వద్దు, తర్వాత ఊడదు. బిగించాక బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందని అర్థం. మొదటి వంద కిలోమీటర్లకి అన్నీ మళ్లీ పానా పెట్టి చూడండి. రైజర్లు, ఫుట్‌రెస్టులు, ప్లేటు, స్ప్రాకెట్ నట్లు ముఖ్యం.

కడిగేటప్పుడు ప్రెషర్ గన్ని చక్రాల బేరింగుల మీదికీ, హ్యాండిల్ మెడ మీదికీ తిప్పనివ్వకండి. వాటర్ సర్వీసింగ్ కుర్రాడు ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే. ఇరుసు దగ్గర గ్రీజు కొట్టుకుపోతే నెలలో చక్రం ఊగుతుంది. రేగడి అయితే ఆరనివ్వకుండా అదే రోజు కడగాలి, ఆరితే ఇటుక. చైను తుడిచి, ఆరబెట్టి, లూబ్ కొట్టండి. టైర్లలో గాలి రోడ్డు లెక్కకి తెచ్చారో లేదో చూసుకోండి, లేదంటే సోమవారం పొద్దున ఆఫీసు దారిలో మొదటి మలుపు దగ్గరే బండి గుర్తుచేస్తుంది.

ఆ తర్వాత నోటుబుక్కు తీసి ఆ రోజు గాలి ఎంత, వెనక షాకప్ ఎన్నో మెట్టు, జిప్ టై ఎక్కడ ఆగింది రాయండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ఒకే మాట ఉంది: "సైలెన్సర్. అమ్మేయాలి."